4హెచ్ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కకండి

అపోహ: 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే గేరులో, ఉంచితే తారు రోడ్డు మీద కూడా పట్టు ఎక్కువ.

నేను మెకానిక్‌ని. ఇదే తంటాతో మా షెడ్డుకు ఈ నెలలో వచ్చిన మూడో బండి ఇది. బంపరుకు కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడలేదు. విశాఖ నుంచి అరకు వెళ్లి రావడం మొత్తం 4హెచ్‌లోనే. "ఘాట్ రోడ్డు కదన్నా, భద్రంగా ఉంటుందని వేశాను. ఇప్పుడు లివరు వెనక్కి రావడం లేదు. గేర్‌బాక్సు పోయిందంటారా?" అని అడిగాడు కుర్రాడు. రాత్రంతా నిద్ర లేదట. ఫోనులో ఎవరెవరో చెప్పిన మరమ్మతు ఖర్చులు చూస్తూ కూర్చున్నాడు.

నేను ఎక్కి, స్టీరింగు తిన్నగా పెట్టి, పది మీటర్లు వెనక్కి నడిపాను. కింద ఠంగుమని ఒక్క చప్పుడు. లివరు రెండు వేళ్లకే 2హెచ్‌లోకి, అంటే రెండు చక్రాల గేరులోకి, వచ్చింది. కుర్రాడు కాసేపు నన్నూ లివరునూ మార్చి మార్చి చూశాడు.

వాస్తవం ఇది. థార్, జిమ్నీ లాంటి బండ్లలో 4హెచ్ వేయగానే ముందు, వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగేలా కలిసిపోతాయి. ఆ రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మలుపులో మాత్రం ముందు చక్రాలది పెద్ద చుట్టు, వెనుకవాటిది చిన్న చుట్టు. నా జిమ్నీ లెక్కే చెబుతాను. వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం, 2.59 మీటర్లు. స్టీరింగు పూర్తిగా తిప్పి పావు చుట్టు తిరిగితే, ముందు చక్రాలు వెనుకవాటికంటే దాదాపు ఒక మీటరు ఎక్కువ నడవాలి. బురదలో, ఇసుకలో టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు జారనివ్వదు. అప్పుడు తాడుకు పురి ఎక్కినట్టు షాఫ్టులకూ గేర్లకూ పురి ఎక్కుతుంది. వెనక్కి నడపడమంటే ఆ పురి విప్పడమే. అరకు దారిలో ఎన్ని మలుపులున్నాయో చెప్పక్కర్లేదు కదా! ఇలాగే నడుపుతూ పోతే ముందు టైర్లు పోతాయి, ఆ తర్వాత ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. ఆ కుర్రాడి ముందు టైరు అంచును అరచేత్తో నిమరమన్నాను. ఒకవైపు నున్నగా ఉంది, ఎదురు నిమిరితే రంపంలా తగిలింది.

షోరూములో ఎవరో "వాడుతూ ఉంటేనే మంచిది" అన్నారట. నిజమే, అప్పుడప్పుడు వాడాలి. అయితే మట్టి రోడ్డు మీద, కాసేపు. బ్రేకు త్వరగా పడుతుందన్నది ఇంకో పుకారు. నాలుగు చక్రాలకూ బ్రేకులు చిన్న కారుకూ ఉంటాయి!

నేను జిమ్నీ కొని మూడు నెలలైంది. 4హెచ్ వేసింది రెండుసార్లే. ఒకసారి బావమరిది మామిడి తోటలో, వాన వెలిసిన మర్నాడు. రెండోసారి కావాలనే, మట్టి బాటలో ఒక కిలోమీటరు. 4ఎల్, అంటే నాలుగు చక్రాలతో మెల్లగా లాగే గేరు, ఇంతవరకూ ముట్టుకోలేదు. అందులో ఇంజనుకు కొత్త బలమేమీ రాదు. చక్రం వేగం సగమై లాగే శక్తి రెట్టింపవుతుంది, అంతే.

జిమ్నీ స్టీరింగు వదులుగా ఉందని, గతుకుల్లో పక్కలకు ఊగుతోందని వచ్చేవారికి ఒకే మాట. లోపం కాదు. ముందూ వెనుకా రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు, ఉన్న బండి అలాగే నడుస్తుంది. కొనేముందు గతుకుల రోడ్డు మీద నడిపి చూసుకోవాలి.

ఇక నీళ్లు. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. అది మెల్లగా, నిలకడ నీటిలో నడిపినప్పటి మాట. పారే వాగుకు ఆ అంకె వర్తించదు. నీళ్లలో ఇంజను ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండరులో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. మనుషులు ముందు దిగి గట్టెక్కండి, బండిని తర్వాత లాగించి మెకానిక్‌కు ఫోను చేయండి. అర్ధరాత్రయినా మేము లేస్తాం.