పేరు నోట్లోనే ఆడుతుంటే

మా వీధిలో రిటైరైన అయ్యవారు ఒకాయన ఉన్నారు. మొన్న కడప ఏడురోడ్ల దగ్గర పాత స్నేహితుడు కనబడితే పావుగంట మాట్లాడారట. ఆయన ప్రొద్దుటూరులో పనిచేసింది, కొడుకు బెంగళూరులో ఉండేది, కారం దోసె అంటే పడిచచ్చేది, అన్నీ గుర్తొచ్చాయి. పేరు మాత్రం రాలేదు. రాత్రి పడుకోబోతుంటే తనంతట తానే వచ్చింది! తెల్లారేసరికి ఫోన్లో మెదడు ఆటల యాప్ వేయించుకుని, "దీంతో మతిమరుపు ఆగుతుందా నాయనా?" అని నన్నడిగారు.

పెద్దవాళ్లను ఈ ఆటల వైపు నెట్టేది చాలాసార్లు ఈ టెన్షనే. ఇంట్లో అమ్మకో నాన్నకో మతి తప్పడం చూసినవాళ్లకైతే చెప్పనక్కర్లేదు. బాదం పలుకులు, తాయెత్తు, ఇప్పుడు యాప్.

అసలు పేరే ఎందుకు జారుతుంది? మాటను బావిలో బొక్కెన అనుకోండి. 'వైద్యుడు' అనే మాటకు ఆసుపత్రి, సూది, మందువాసన, ఫీజు అని పది చేంతాళ్లు. ఒకటి తెగినా ఇంకోదానితో పైకొస్తుంది. అదే 'వైద్యం' ఒకరి ఇంటిపేరైతే? ఆ మనిషికీ ఆ శబ్దానికీ మధ్య ఒక్కటే తాడు. వయసుతో, వాడకం తగ్గడంతో అది వదులవుతుంది. బొక్కెన ఎక్కడికీ పోలేదు, నీళ్లూ ఉన్నాయి, లాగే బలమే చాలదు. అందుకే మొదటి అక్షరం ఎవరైనా అందిస్తే చటుక్కున వస్తుంది. అదే అక్షరంతో మొదలయ్యే వేరే మాట చెవిన పడినా తాడు కదులుతుంది. రాత్రి పేరు రావడంలో మాయేమీ లేదు.

మరి ఆటలు? అమెరికాలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిపై చేసిన 'యాక్టివ్' పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. కొందరికి జ్ఞాపకంలో, కొందరికి తర్కంలో, కొందరికి చూపు వేగంలో శిక్షణ. వేగం అంటే, తెర నడుమ బొమ్మేదో చెబుతూనే అంచున మెరిసింది ఎక్కడో పట్టుకోవడం. మెరిసే సమయం పోనుపోను తగ్గుతుంది. ఎవరు దేన్ని సాధన చేస్తే అందులోనే మెరుగయ్యారు. పదేళ్లకు తర్కం, వేగం లాభాలు కొంత నిలిచాయి, జ్ఞాపకానిది నిలవలేదు. ఎక్కాలు బట్టీ పట్టిన పిల్లాడికి లెక్కల తెలివి దానంతటదే రాదని అయ్యవారికి నేను చెప్పాలా!

"ఆట ఆడుకోండి సార్, తప్పులేదు. కానీ ఆ స్నేహితుడికి ఫోన్ చేసి, పేరు పెట్టి నాలుగుసార్లు పిలవండి, తాడు బిగుస్తుంది" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. "నంబరు తీసుకోలేదే. పేరు తెలీకుండా ఏమని సేవ్ చేసుకునేది నాయనా?"