విమాన ఫ్యాక్టరీ పిన్‌లు: అపోహలు - వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా విమాన ఫ్యాక్టరీల కార్మికులు పెట్టుకున్న చిన్న పిన్‌ల గురించి వాటిని కొని దాచుకునేవాళ్ల నుంచి నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఈ కింది అపోహల చుట్టూనే తిరుగుతాయి.

"రెక్కలున్నాయి కదా, పైలట్‌దే!"
చాలావరకు కాదు. విమాన కంపెనీలు తమ గుర్తుల్లో రెక్కలు పెట్టుకోవడం మామూలే. స్కేలు పెట్టి చూడండి. అమెరికా సైనిక పైలట్ పెట్టుకునే రెక్కల బ్యాడ్జీ సుమారు 3 అంగుళాలుంటుంది, కోటు కాలరుకు పెట్టుకునే ఫ్యాక్టరీ పిన్ అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు.

"ఆర్మీ-నేవీ 'ఈ' పిన్ వ్యక్తికిచ్చిన పతకం, చాలా అరుదు"
ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. 'ఈ' అంటే ఇంగ్లీషు అక్షరం E; ఉత్పత్తిలో ప్రతిభకు ఇచ్చే అవార్డు పేరది. ఆర్మీ, నేవీ విడివిడిగా ఇచ్చే అవార్డులను కలిపి 1942లో దీన్ని మొదలుపెట్టారు. అవార్డు ఫ్యాక్టరీకి. యుద్ధ సామగ్రి తయారుచేసిన 85,000 పైచిలుకు సంస్థల్లో 4,283కే, అంటే నూటికి అయిదింటికే దక్కింది. అంతవరకు అరుదే. కానీ అవార్డు వచ్చిన నాటికి అక్కడ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ పిన్ ఇచ్చారు. మేనేజరుకీ, రివెట్లు కొట్టే అమ్మాయికీ అదే పిన్. ఒక్కో విమాన ఫ్యాక్టరీలో వేలమంది పనిచేసేవారు, ఇక మీరే లెక్కేసుకోండి.

ఇంకో చిక్కుంది. ఆ పిన్ మీద కంపెనీ పేరు ఉండదు. ఆకుల దండ మధ్య 'ఈ' అక్షరం, ఆర్మీ, నేవీ అన్న మాటలు, రెండు పక్కలా రంగు చారలు, అంతే. "బోయింగ్ వాళ్ల 'ఈ' పిన్" అని అమ్మేవాళ్లను ఆ పిన్ గుచ్చి ఇచ్చిన కార్డో, కార్మికుడి గుర్తింపు బ్యాడ్జో, ఏదో ఒక కాగితమో చూపించమనండి. లేకపోతే మామూలు పిన్ ధరే ఇవ్వండి.

"వెనక స్టెర్లింగ్ అని ఉంది, వెండి రేటు కట్టాలి"
స్టెర్లింగ్ అంటే వెండి అని చెప్పే ముద్రే, కానీ బరువు నాలుగైదు గ్రాములు కూడా ఉండదండీ! రాగి, నికెల్ యుద్ధానికి కావలసి వచ్చి చిన్న వస్తువులకు వెండి వాడేవారు. 1943లో మామూలుగా రాగితో చేసే పెన్నీ (ఒక సెంటు) నాణేన్నే జింకు పూత వేసిన ఉక్కుతో కొట్టారు. కాబట్టి ఆ ముద్ర కాలాన్ని పోల్చుకోవడానికి పనికొస్తుంది, ధర కట్టడానికి కాదు.

"తళతళలాడితే రేటు పెరుగుతుంది"
తగ్గుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే ఎనామిల్ (గాజులాంటి రంగు పూత) మీద గీతలు పడతాయి, అంచులు అరుగుతాయి. మెత్తని పొడి గుడ్డ చాలు. పిన్ కార్డుకే గుచ్చి ఉంటే దాన్ని అసలు ఊడదీయకండి.