ఆర్కిటిక్ మంచు కోలుకుందా? 2007 వేసవిని అడగాలి

2025 సెప్టెంబరు 10న ఆర్కిటిక్ సముద్రపు మంచు 46 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గింది. ఆ ఏటికి అదే కనిష్ఠం. అంకె బయటికి రాగానే పాత గొడవ మళ్లీ మొదలైంది. 2012 నాటి 34 లక్షల అతి తక్కువ రికార్డు 13 ఏళ్లయినా చెక్కుచెదరలేదు, అంటే మంచు కోలుకున్నట్టేగా అని ఒక వర్గం అడుగుతోంది.

మంచు మార్చి దాకా పెరగడం, సెప్టెంబరుకు తరగడం ఏటా ఉన్నదే. తేడా ఎక్కడొచ్చిందో తెలియాలంటే 2012 కాదు, 2007 వేసవి చూడాలి.

ఆ ఏడు అలాస్కాకు ఉత్తరాన ఉన్న బ్యూఫోర్ట్ సముద్రం మీద అధిక పీడనం తిష్ట వేసింది. దాంతో మబ్బు లేదు, పైగా అక్కడ వేసవిలో పొద్దు కుంకదు, ఎండ ఆగకుండా మంచును కరిగించింది. అలాస్కా, రష్యాల నడుమ ఉన్న బేరింగ్ జలసంధి వైపు నుంచి వీచిన గాలులు మంచును ధ్రువం అవతలికి, అట్లాంటిక్‌లోకి దారి తీసే ఫ్రామ్ జలసంధి వైపు నెట్టాయి. అంతకుముందు 2005లో నమోదైన కనిష్ఠం 53 లక్షలైతే, ఈసారి 42 లక్షలు కూడా మిగల్లేదు. కెనడా దీవుల నడుమ అట్లాంటిక్, పసిఫిక్‌లను కలిపే వాయవ్య జలమార్గం తెరుచుకుంది.

అసలు నష్టం విస్తీర్ణంలో లేదు, ముదురు మంచులో ఉంది. వేసవులు దాటుకుంటూ మూడు నాలుగు మీటర్ల మందం పట్టే ఆ మంచు అప్పటికే పలచబడుతోంది, 2007 దాని నడుం విరిచింది. 1985 మార్చిలో నాలుగేళ్లు దాటిన మంచు మొత్తం మంచులో మూడో వంతు ఉండేది. 2019 మార్చికి 1.2 శాతం. ఇప్పుడు ఎక్కువగా పట్టేది ఒక్క చలికాలపు లేత మంచు. విస్తీర్ణం లెక్కలో మాత్రం రెండూ ఒకటే! 2012 ఆగస్టులో పెద్ద తుపాను వచ్చింది, ఆ లేత మంచు చెదిరిపోయింది. అలాంటి తుపాను ఏటా రాదు, కాబట్టి ఆ రికార్డు నిలిచినంత మాత్రాన మంచు కోలుకున్నట్టు కాదు.

కోలుకుందనేవాళ్ల మాటల్లో నిజం లేకపోలేదు. 2013కే వేసవి మంచు ఉండకపోవచ్చని 2007లో కొందరు శాస్త్రవేత్తలు తొందరపడ్డారు. ఆ తర్వాత తగ్గుదల వేగం మందగించింది కూడా. అయితే ఉపగ్రహ లెక్కలు మొదలయ్యాక వచ్చిన కనిష్ఠాల్లో అతి తక్కువవి 19 తీస్తే, అవన్నీ 2007 నుంచి 2025 వరకు వచ్చినవే. ఇక చలికాలం సంగతి: 2025 మార్చి 22న మంచు 1.43 కోట్ల చదరపు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. అప్పటిదాకా ఏ చలికాలపు గరిష్ఠమూ అంత తక్కువ లేదు. కోలుకుందన్న వాదనల్లో ఈ అంకె కనపడదు.