తెల్లబంతి చేతిలో ఎంత, రొంటిన ఎంత

పిల్లలూ,

మొన్న మా మనవడు ఫోన్ చేశాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పూల్ టేబుల్ ఉంది (క్యూ అనే కర్రతో తెల్లబంతిని కొట్టి, దాంతో రంగుబంతుల్ని టేబుల్ అంచుల్లో ఉన్న పాకెట్లలో, అంటే కన్నాల్లో, పడేసే ఆట), సెలవులు కదా, పిల్లలంతా పొద్దస్తమానం దాని చుట్టూనే ఉంటున్నారట. "తాతయ్యా, నేను ప్రతిసారీ తెల్లబంతిని నట్టనడుమే కొడుతున్నాను. ఒకసారేమో రంగుబంతిని తాకి అక్కడే ఆగిపోతుంది, ఇంకోసారి దాని వెనకాలే వెళ్ళి పాకెట్లో పడి ఫౌల్ అవుతుంది. నేను ఒకేలా కొడుతుంటే అదెందుకు రెండు రకాలుగా చేస్తుంది?" అని అడిగాడు. రంగుబంతిని ఎలా పడగొట్టాలి అని అందరూ అడుగుతారు, తెల్లబంతి ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ. వాడు అడిగాడు, అందుకే నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వాడికి చెప్పేదేదో మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా నాయనమ్మ సంతకు బయలుదేరితే డబ్బు రెండు చోట్ల పెట్టుకునేది, కొంత చేతిలో, కొంత రొంటిన. చేతిలో ఉన్నది ఎవరడిగినా ఇచ్చేసేది. రొంటిన దోపుకున్నది మాత్రం దేవుడు దిగివచ్చి అడిగినా తీసేది కాదు. తెల్లబంతిదీ అదే స్వభావం. దాని పరుగు చేతిలో డబ్బు, దాని స్పిన్ రొంటిన డబ్బు. ఎదురుగా కదలకుండా ఉన్న రంగుబంతిని సూటిగా, నిండుగా తాకిందనుకోండి, తన పరుగంతా దానికి ఇచ్చేస్తుంది. రెండింటి బరువూ ఒకటే కాబట్టి అలా మొత్తం ఇవ్వగలుగుతుంది. స్పిన్ మాత్రం ఇవ్వదు. నున్నటి బంతులు, తాకేది రెప్పపాటు కూడా కాదు, అంతలో స్పిన్ చేతులు మారదు. అప్పుడు రొంటిన ఏమీ లేకపోతే తెల్లబంతి అక్కడే నిలబడిపోతుంది. ఏమైనా ఉంటే ఆ డబ్బుతో మళ్ళీ ముందుకు నడుస్తుంది. మావాడి బంతి వెంటపడి పాకెట్లో పడిందంటే, దాని రొంటిన డబ్బు ఉందన్నమాట.

నడుమ కొడితే ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? దారిలో వచ్చింది. నట్టనడుమ కొట్టిన బంతి మొదట దొర్లదు, జారుతుంది. తిరగకుండా, టేబుల్ మీద పరిచిన బట్ట మీద అలా జారుకుంటూ పోతుంది. బట్ట ఊరుకోదు కదా, కింద రాస్తూ ఉంటుంది, ఆ రాపిడికి పరుగు కొంచెం తగ్గి, బంతి కొంచెం కొంచెంగా తిరగడం మొదలవుతుంది. అంటే నడుస్తూనే నాయనమ్మ చేతిలో డబ్బు తీసి రొంటిన దోపుకుంటోంది (దారిలో బట్టకు కొంత సుంకం కూడా కడుతుంది, అది వేరే సంగతి). ఇక జారడం పూర్తిగా పోయి చక్కగా దొర్లడం మొదలయ్యేసరికి, చేతిలో ఏడు రూపాయలతో బయలుదేరినామెకు అయిదు మిగులుతాయి. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా, కొత్త బట్టయినా పాత బట్టయినా, ఏడుకి అయిదే! ఇది తెలిసి ఇన్నేళ్ళయినా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1835లోనే కొరియాలిస్ అనే ఫ్రెంచి ఆయన బిలియర్డ్స్ బంతుల లెక్కలన్నీ కట్టి పెట్టారు. తుపాను ఎందుకు సుడి తిరుగుతుందో చదివేటప్పుడు మీకు ఆ పేరే మళ్ళీ వస్తుంది, ఆయనే ఈయన.

మేము చిన్నప్పుడు ఈ లెక్కలేవీ ఎరగం. మా నాన్నది రైల్వే ఉద్యోగం. మేమున్న ఊళ్ళో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక బిలియర్డ్స్ టేబుల్ ఉండేది, పిల్లలు ముట్టుకోవడానికి వీల్లేదు. సాయంత్రం గార్డులూ డ్రైవర్లూ ఆడుతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని చూసేవాళ్ళం. అక్కడ పాయింట్లు లెక్కపెట్టే ఆయన్ని మార్కర్ అనేవారు. ఆయన మధ్యాహ్నం ఎవరూ లేని వేళ మమ్మల్ని పిలిచి బట్ట బ్రష్ చేయించి, దానికి బదులు కాసేపు ఆడనిచ్చేవాడు. ఆడనివ్వడమంటే రెండే బంతులు, ఒక తెల్లది, ఒక ఎర్రది. తెల్లదానితో ఎర్రదాన్ని కొట్టాలి, ఎర్రది ఉన్నచోట తెల్లది నిలబడాలి, అంతే ఆట. ఎర్రబంతి ఎటు పోయిందో ఆయన తల తిప్పి కూడా చూసేవాడు కాదు. విల్సన్ జోన్స్ గారి కబుర్లు మొదట విన్నది ఆయన నోటే. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచారు జోన్స్ గారు, 1964లో మళ్ళీ గెలిచారు. ఆ పేరు చెప్పేటప్పుడు మార్కర్ గొంతు మారిపోయేది.

సరే, మనవాడి ప్రశ్నకు వద్దాం. వాడు రెండుసార్లూ నడుమే కొట్టి ఉండవచ్చు, కానీ రంగుబంతి ఉన్న దూరం ఒకటి కాదు, కొట్టిన జోరూ ఒకటి కాదు. బంతి ఇంకా తిరగడం అందుకోకుండా జారుతుండగానే రంగుబంతి దగ్గరకు చేరితే ఆగుతుంది, దొర్లడం మొదలయ్యాక చేరితే వెంటపడుతుంది, మధ్యలో ఎక్కడో చేరితే కొంచెం ముందుకు పోయి ఆగుతుంది. ఎంత దూరం జారుతుందంటే, మామూలు బట్ట మీద, మనం నింపాదిగా నడిచే వేగంతో పంపితే సుమారు అర జానెడు. దానికి రెట్టింపు వేగంతో కొడితే జానెడు అనుకుంటారు మీరు, కాదు, మూరెడు జారుతుంది. మళ్ళీ రెట్టింపు చేస్తే బారెడు! వేగం రెండింతలయితే జారే దూరం నాలుగింతలవుతుంది. అర జానెడుకి నాలుగింతలు మూర, మూరకి నాలుగింతలు బార, మన పాత కొలతలు ఈ ఆట కోసమే పుట్టాయా అనిపిస్తుంది నాకు.

ఇక నాయనమ్మని ఇంకొంచెం దూరం నడిపిస్తాను. బంతిని నడుమకి కాస్త కింద కొడితే వెనక్కి తిరిగే స్పిన్ వస్తుంది, అది రొంటిన డబ్బు కాదు, అప్పు. అప్పు ఉన్నవాళ్ళు చేతిలోదంతా ఇచ్చేశాక ముందుకు పోలేరు, వెనక్కే లాక్కుపోబడతారు, బంతి కూడా అంతే. కానీ దారిలో బట్ట ఆ అప్పును కూడా కొంచెం కొంచెం తీరుస్తూ ఉంటుంది. రంగుబంతి దూరంగా ఉన్నప్పుడు పెద్ద ఆటగాళ్ళు నడుమకి కాస్త కింద ఎందుకు కొడతారంటే, తాకే క్షణానికి అప్పు సరిగ్గా తీరిపోవాలని, రొంటినా ఏమీ ఉండకూడదని. అప్పుడు బంతి ఎంత దూరం నుంచి వచ్చినా అక్కడే నిలబడుతుంది. మీరు మాత్రం ఇప్పుడే అప్పుల జోలికి పోకండి. నడుమ దెబ్బతో, జోరు మార్చుకుంటూ, బంతిని ఆపడం, జానెడు నడిపించడం, మూరెడు నడిపించడం ముందు రానివ్వండి. గట్టిగా కొట్టి నలుగురి చేత చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. తెల్లబంతి ఎక్కడ ఆగాలో ముందే అనుకుని కొట్టడానికి ఓపిక కావాలి, ఆ ఓపిక మీకు ఇంకా చాలా చోట్ల పనికొస్తుంది.

రంగుబంతిని నిండుగా కాక ఒక పక్క తాకితే ఏమవుతుందో కూడా చెప్పాలి. అప్పుడు చేతిలోది కొంతే ఇస్తుంది. రొంటిన ఏమీ లేకపోతే, మిగిలిన పరుగుతో తెల్లబంతి రంగుబంతి పోయే దారికి లంబంగా పోతుంది. సగం తాకినా, పావు తాకినా, ఆ రెండు దారుల మధ్య 90 డిగ్రీలే. దొర్లుతూ వచ్చి తాకితే మాత్రం మొదట ఆ లంబం దారి పట్టి, వెంటనే ముందుకి వంగుతుంది. సగానికి అటూ ఇటూగా తాకినప్పుడు తన పాత దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకు తిరిగి పోతుంది. చూపుడువేలు, నడిమివేలు బాగా విడదీసి చూడండి, ఆ మధ్యనున్నది ఇంచుమించు అంత కోణమే. ఎందుకు సరిగ్గా లంబమే, 85 ఎందుకు కాదు అంటే, దానికి కాగితం మీద గీతలు గీయాలి. ఉత్తరంలో అది వద్దు. టేబుల్ దగ్గర నిలబడి, అది అలా తప్పకుండా లంబంగా పోతుంటే చూడండి చాలు.

రేపు మీరు చేయాల్సినవి ఇవి. ముందు తెల్లబంతిని, మామూలు బంతిని చెరో చేతిలో పట్టుకుని చూడండి. కొన్ని టేబుళ్ళ దగ్గర తెల్లబంతి బరువు వేరుగా ఉంటుంది, అలా ఉంటే నేను చెప్పినవేవీ సరిగ్గా కుదరవు. తరవాత బంతిని శుభ్రంగా తుడిచి, క్యూ కొసకి చాక్, అంటే సుద్ద, బాగా పట్టించి ఒక్క దెబ్బ కొట్టి, ఎవరినైనా వెంటనే బంతిని పట్టుకోమనండి. చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూస్తే మీరు నడుమ కొట్టారో లేదో తెలిసిపోతుంది. బంతి రెండు అంగుళాల పావు ఉంటుంది, దాని నడుమ బట్టకి అంగుళం పైచిలుకు ఎత్తులో ఉంటుంది, క్యూ వెనక భాగం ఎత్తితే దెబ్బ అనుకున్నచోట పడదు, వీలైనంత పడుకోబెట్టి పట్టండి.

ఆ తరవాత తెల్లబంతి పక్కన పెట్టేసి, గీత ఉన్న బంతి ఒకటి తీసుకోండి. గీత నడుము చుట్టూ అడ్డంగా వచ్చేలా, బట్టకి సమాంతరంగా పెట్టి, నట్టనడుమ కొట్టండి. జారడం మొదలైన చోట ఆ గీత దాదాపు అడ్డంగానే ఉంటుంది, జారుతూనే కొంచెం కొంచెంగా తిరగడం అందుకుని, దొర్లడం మొదలయ్యేసరికి పూర్తి జోరుతో పల్టీలు కొడుతుంది. ఆ పల్టీలు పూర్తి జోరు ఎక్కడ అందుకుంటాయో టేబుల్ అంచున సుద్దముక్క పెట్టి గుర్తు చేసుకోండి. మెల్లగా ఒకసారి, జోరుగా ఒకసారి. అర జానెడా, మూరెడా, మీ టేబుల్ బట్ట మీద ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య