సున్నం కింద శాసనాలు, చేల మధ్య గుళ్లు

కార్తీక సోమవారాల్లో ఆర్టీసీ ప్రత్యేక బస్సులు అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోటల్లోని పంచారామ శివాలయాలను ఒక్క రోజులో చుట్టి వస్తాయి. దర్శనానికి అది చాలు. గోడ మీది రాత చదవాలనుకునేవాళ్లకు మాత్రం ఆ రోజు పనికిరాదు. గోదావరి డెల్టాలో ఏ కట్టడం ఎందుకు ఎలా మిగిలిందో తెలిస్తే ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలో తేలుతుంది.

ధవళేశ్వరం దిగువన నేలంతా ఒండ్రు, రాయి పుట్టదు. కొడవలి అనే ఊరి కొండలాంటి మెరకన శాతవాహన రాజు చండసాతి శాసనం రాతి మీదే నిలిచింది. లంకల సీమలో బౌద్ధులు ఇటుకతో కట్టుకున్నారు. మామిడికుదురు దగ్గర ఆదుర్రు స్తూపం అలాంటిది. అలాంటి దిబ్బల్లోని పాత ఇటుక మన 9 అంగుళాల ఇటుక కంటే చాలా పెద్దది. దాన్ని చూసిన ఊరు గోడకో, గట్టుకో పట్టుకుపోకుండా ఉండడం కష్టం. మిగిలినదానికి శత్రువు తేమ. నేలలో నీరు ఇటుకలోకి ఎక్కుతుంది, ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు పైకి తేలి పొరలు రాలతాయి. పునాది వరసల మీద నడవకూడదు అనేది అందుకే.

రాతి గుళ్ల కాలం తూర్పు చాళుక్యులది. సామర్లకోట, ద్రాక్షారామాల్లోని రెండంతస్తుల భీమేశ్వరాలయాలను చాళుక్య భీముడి (892–921) పేరుతో చెబుతారు. పూజ ఆగలేదు కాబట్టి ఇవి నిలిచాయి. అదే పూజ కోసం ఏళ్ల తరబడి వేసిన వెల్ల అక్షరాల గాడులను పూడ్చింది. ద్రాక్షారామం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావాటి పాఠాలు 1923లోనే దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ముందు ఆ పాఠం చదివి వెళ్తే రాయి మాట్లాడుతుంది. అఖండదీపానికి నెయ్యి ఆగకుండా పశువులను దానం చేసినవాళ్ల పేర్లు, ఊళ్లు కనబడతాయి. శాసనంలోని శకవర్షానికి 78 కలుపుకుంటే మన క్రీస్తుశకం లెక్క.

మధ్యాహ్నం తలుపులు మూస్తారు. పొద్దున్నే, కార్తీకం, శివరాత్రి కాని రోజున వెళ్లండి. ఫొటో తీయనిస్తారో లేదో ముందే అడగండి. టార్చి ఎదురుగా వేస్తే అక్షరం చదునైపోతుంది, గోడకు ఆనించి పక్కనుంచి వేస్తే గాడిలో నీడ పడి తేలుతుంది. సుద్ద, పసుపు, నీళ్లు రాయొద్దు. వేలితో గీయొద్దు.

మా దృష్టిలో అసలు చూడాల్సింది బిక్కవోలు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి బిరుదాంక బిరుదు మీద వచ్చిన ఊరు పేరు ఇది. రాజమండ్రి–సామర్లకోట లైనులో స్టేషనుంది, కానీ అన్ని బళ్లూ ఆగవు. ఊళ్లో గోలింగేశ్వర ఆలయంలో పూజ సాగుతోంది. చేలల్లో ఉన్న గుళ్లలో జనం సందడి లేదు కాబట్టి రంగులూ పడలేదు, చాళుక్య శిల్పి చేతిపని తేటగా కనిపిస్తుంది. అధిష్ఠానం (అడుగు పీఠం) నుంచి మొదలెట్టి విమానం (గర్భగుడి మీది శిఖరం) దాకా చూపు మెల్లగా పైకి తీసుకెళ్లండి. సార్వా (ఖరీఫ్ వరి) నీళ్లలో గట్లు జారతాయి, కోతలయ్యాక, దాళ్వా (రబీ వరి) నాట్లకు నీళ్లు పెట్టేలోగా వెళ్తే కాలు తడవదు.

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లలో అనుమతి కావాలి. 2010 సవరణతో దీన్ని 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టంలోనే చేర్చారు. ఇల్లు కట్టుకోవాల్సిన ఊరివాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది. గుడి గురించి వాళ్లను అడిగేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.