హైటెన్షన్ లైన్ కింద తేనెపెట్టె: గొడవంతా తడి దగ్గరే

బెంగళూరు తూర్పు శివార్లలో హైటెన్షన్ లైన్ పక్కన ఏ తేనెపెట్టె ఖాళీ అయినా మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత గొడవ మళ్లీ లేస్తుంది. ఈసారీ అంతే. తేనెటీగలు పెంచేవాళ్లు లైన్‌ని తిడతారు, కరెంటువాళ్లు ‘అంతా పరిమితిలోనే ఉంది’ అంటారు. మధ్యలో ఎవరో సెల్ టవర్ ఫొటో పెడతారు. టవర్ తరంగాలు సెకనుకు కోట్లసార్లు ఊగేవి (మెగాహెర్ట్జ్‌లు), లైన్‌ది సెకనుకు 50 సార్లే (50 హెర్ట్జ్). దాన్ని ఇందులోకి లాగితే ఈ పంచాయితీ ఎప్పటికీ తెమలదు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. 765 కిలోవోల్టుల లైన్ కింద పెట్టెలు పెట్టి చేసిన పరిశోధన 1981లో అచ్చయింది. మీటరుకు 7 కిలోవోల్టుల విద్యుత్ క్షేత్రంలో (లైన్ చుట్టూ పరుచుకునే విద్యుత్ ప్రభావంలో) ఉంచిన ఏడు పెట్టెల్లో ఆరింట రాణి ఈగ పోయింది. 4.1 దగ్గర కూడా పదకొండు వారాలకు పెట్టెల బరువు వెనకబడింది. మనుషులకు అంతర్జాతీయంగా సూచించిన పరిమితి మీటరుకు 5 కిలోవోల్టులు. అంటే ‘పరిమితిలోనే’ అన్న మాట మనకు వర్తిస్తుంది, ఈగకు కాదు.

మరి ఈగను దెబ్బతీసింది ఏమిటి? 1988లో అదే బృందం పెట్టె గుమ్మానికి పొడవాటి సొరంగం అమర్చి చూసింది. పొడిగా, కరెంటు పారని సొరంగంలో మీటరుకు 100 కిలోవోల్టుల క్షేత్రంలో 1,400 గంటలు తిరిగినా ఈగలకు ఏమీ కాలేదు. సొరంగం తడిస్తే మాత్రం చావులు పెరిగాయి. తడి చెక్క మీద నడిచే ఈగ కాళ్లగుండా కరెంటు పారుతోంది, షాక్ కొడుతోంది. సుమారు 300 నానోఆంపియర్లకే (నానో అంటే వందకోట్లో వంతు) ఈగ కంగారు పడుతుంది, 900కి కుడుతుంది. మన వానాకాలంలో పెట్టె ఎంత నానుతుందో పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండలో క్షేత్రం కొలిచే పరికరం పట్టుకుని తీసిన రీడింగ్‌లో ఈ సంగతి కనపడదు.

ఎర్త్ చేసిన ఇనప జాలీ కప్పితే ఈ షాక్ తప్పుతుంది. అయస్కాంత క్షేత్రం మాత్రం జాలీకి ఆగదు. 2018లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగాల్లో 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఈగల నేర్చుకునే శక్తిని తగ్గించింది, ఎగిరే తీరును మార్చింది. లైన్ కింద నేల మీద ఉండే 20-100 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్రానికి కొలత) స్థాయి కూడా అందులో ఉంది.

పెంచేవాళ్లు ఒకటి ఒప్పుకోవాలి. మన నాటు ఈగ చిన్న ఇబ్బందికే గూడు వదిలేస్తుంది. మైనపు పురుగు పట్టినా, చీమలు చేరినా, పూలు కరువైనా అంతే. ఖాళీ అయిన పెట్టెలో చట్రాలు ఎత్తి పురుగు గూళ్లు ఉన్నాయేమో చూసి, లేవని తేలాక లైన్ మాట ఎత్తితే కరెంటువాళ్లకు తప్పించుకునే దారి ఉండదు.