వెన్నెలకు రంగు వేసిన తరువాత

2025 మే 9న ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’ సరిగ్గా 35 ఏళ్లకు మళ్లీ విడుదలైంది. ఈసారి 3డీలో కూడా. సినిమా హాలు పేరే కూడలి పేరుగా స్థిరపడిన ఊరు మా విశాఖ. ఆ జగదాంబ కూడలిలో టీ తాగుతూ మా మిత్రబృందం రెండుగా చీలిపోయింది. తీసిన రోజున లేని లోతును ఇప్పుడు కల్పించడమేమిటని కొందరు, ఈ కాలం పిల్లలను హాలుకు రప్పించాలంటే తప్పదని కొందరు.

ఈ తగవు నిన్నటిది కాదు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చింది. 1957 నాటి చిత్రానికి హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి, బొమ్మను వెడల్పు తెరకు సరిపెట్టింది. ఆ సినిమాను పెద్ద తెర మీద చూసే భాగ్యం చాలామందికి అప్పుడే కలిగింది. ఆ మేలును నేను కాదనను. కానీ అందులోని మాయంతా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపుల మధ్య లెక్క కట్టి పట్టుకున్నది. వందల కొద్దీ బొమ్మ ఇళ్లు పేర్చి ద్వారకను నిలబెట్టారు. స్టూడియో దీపాలతో వెన్నెల కాయించారు. పడవ పాటలో నీటి మీద ఎంత మెరుపు ఉండాలి, ఎంత చీకటి ఉండాలి అన్నది ఆయన తేల్చిన విషయం. దాని మీద నీలం పూస్తే అది మరొకరి వెన్నెల. పైగా దాదాపు చదరంగా ఉన్న ఫ్రేమును తెర నిండా పరచాలంటే పైనో కిందో కోత పెట్టాలి.

అమెరికాలో ఈ గొడవ 1980లలోనే చట్టసభ దాకా వెళ్లింది. పాత చిత్రాలకు రంగులు వేయడాన్ని వ్యతిరేకిస్తూ 1988లో హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకాస్ అక్కడ సాక్ష్యం చెప్పారు. కాపాడదగినవిగా ఎంచిన సినిమాల జాతీయ జాబితాలో చేరిన చిత్రాన్ని మారిస్తే ఆ సంగతి ప్రేక్షకుడికి తెలపాలని అదే ఏడాది చట్టం వచ్చింది. తీరా 1997లో ‘స్టార్ వార్స్’కు కొత్త గ్రాఫిక్స్ చేర్చింది ఆ లూకాసే. తన సినిమాను తాను మార్చుకున్నారు, నిజమే. అభిమానులను బాధించింది అది కాదు, పాత రూపం దొరకకుండా పోవడం.

గీతలు, దుమ్ము తుడవడం, వెలిసిన రంగును తిరిగి తేవడం పునరుద్ధరణ. మాయ దృశ్యం కోసం కట్టిన, అప్పటి ప్రింటులో కనబడని తీగ ఇప్పుడు 4కే స్కానులో బయటపడితే దాన్ని చెరిపేయడం కూడా నాకు తప్పనిపించదు. ఫిల్ము సహజంగా మోసే సన్నని రేణువులను మచ్చలనుకుని గీకేస్తేనే ముఖాలు మైనపు బొమ్మలవుతాయి.

మన దగ్గర అసలు చిక్కు ఇంకా వెనకే ఉంది. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే మిగల్లేదు. వేడికీ తేమకూ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లి వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊరు దానికి ఏ మాత్రం తగదు. చాలా ఏళ్ల కిందట ఇక్కడొక గోదాములో తుప్పు పట్టిన రీలు డబ్బా మూత తీయగానే ఆ పులుపు ముక్కుకు కొట్టింది. లోపలిది ఏ సినిమానో చదవడానికి చీటీ కూడా మిగల్లేదు.

కాబట్టి 3డీ చేయండి, రంగులు వేయండి. అంతకంటే ముందు నెగటివ్‌ను ఉన్నదున్నట్టు స్కాన్ చేసి దాచండి, ఆ రూపాన్నీ ఏదో ఒక ఆటలో చూపండి. ఏ ప్రతి నుంచి తీశారో, ఏమేం మార్చారో సినిమాకు ముందు ఒక్క కార్డు వేయండి. మా టీ బల్ల దగ్గర రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఆ కార్డు ఒక్కటే.